తాళ్ళరేవు దగ్గర ఓడల మ్యూజియం పెట్టాలంటే ముందు ఏం చేయాలి?

గోదారి మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కాకినాడ జిల్లాలో తాళ్ళరేవు పక్క పల్లె. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. మా తాతగారూ, ఆయన తమ్ముళ్ళూ ఓడల వడ్రంగులు. కోరంగి రేవు పూడిపోయాక కూడా మా వైపు ఈ పని ఆగలేదు. గోదావరి పాయల ఒడ్డున ఇప్పటికీ కొయ్య పడవలు కడతారు. అయితే కాగితం మీద గీత గీయకుండా, కంటి కొలతతోనే ఓడ నిలబెట్టే పెద్ద మేస్త్రీలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మా అటక మీద తాతగారి బాడిసలు, ఉలులు, బరమాలు ఉన్నాయి. ఒక పద్దు పుస్తకం కూడా ఉంది. ఎవరి ఓడకు ఎంత టేకు పట్టింది, ఇనుప మేకులకు ఎంత అయింది, ఏ కూలీకి ఎంత బాకీ అన్నదంతా అందులో పెన్సిలుతో రాసి ఉంది. ఇలాంటివి ఊళ్ళో ఇంకా చాలా ఇళ్ళలో ఉంటాయి. వీటిని ఒకచోట చేర్చి చిన్న సముద్ర చరిత్ర మ్యూజియం పెడదామని సంక్రాంతి సెలవుల్లో నలుగురితో అన్నాను. కోరంగి పేరు ఒకప్పుడు బర్మా దాకా వినిపించింది. అక్కడికి వలస వెళ్ళిన తెలుగువాళ్ళను కోరంగీలనే పిలిచేవారు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనల్లో ఆ రేవు ఏమైందో పిల్లలకు పాఠంగా చెప్పడం కంటే వస్తువులు చూపించి చెబితే బాగుంటుందని నా ఆశ.

మాట బయటపడగానే ఊరంతా ఉత్సాహం. ఒకాయన శంకుస్థాపనకు ముహూర్తం చూడమంటారు. ఇంకొకాయన పాయలో బురదలో ఒరిగి ఉన్న తన పాత సరకుల పడవను ఉచితంగా తీసుకుపొమ్మంటారు. మూడో ఆయన, విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉన్నట్టు మనకూ నౌకాదళం వాళ్ళనడిగి ఒక పాత ఓడ తెప్పించుకుందామంటారు. చేతిలో ఉన్నది పంచాయతీ ఇస్తానన్న ఒక పాత గది, తలా కొంత వేసుకుంటే వచ్చే డబ్బు. ఇలాంటి పని దగ్గరుండి చూసినవాళ్ళెవరైనా ఉంటే, దేనితో మొదలుపెట్టాలో చెప్పండి.

డీజిల్ తాత (విశాఖపట్నం)

మాస్టారూ, నేను నౌకాదళంలో విద్యుత్ శాఖ నావికుడిగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం గడిపింది కురుసుర లాంటి ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గాముల్లోనే. మీ మూడో పెద్దమనిషి ఆ పేరెత్తారు కనుక ముందు దాని సంగతే చెబుతాను. జనానికి ప్రారంభోత్సవం ఫొటో ఒక్కటే గుర్తుంటుంది.

కురుసుర 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరింది. మనకు వచ్చిన నాలుగో జలాంతర్గామి. 1971 యుద్ధానికి ముందు అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ఒక్క ఓడనూ ముంచలేదు. 31 ఏళ్ళ ఉద్యోగంలో 73,500 నాటికల్ మైళ్ళు నడిచి 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకుంది. మామూలుగా అయితే అక్కడినుంచి తుక్కు యార్డుకే దారి. దీన్ని మ్యూజియం చేద్దామని అడ్మిరల్ పస్రీచా అన్నారు. సముద్రం మీదుగా లాక్కొచ్చి, రామకృష్ణా బీచ్ ఇసుక మీదికి ఎక్కించి, కాంక్రీటు పునాది మీద కూర్చోబెట్టేసరికి 18 నెలలు పట్టింది, 5.5 కోట్ల రూపాయలు అయింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రారంభించారు. జనాన్ని రానిచ్చింది మాత్రం ఆగస్టు 24 నుంచి.

91 మీటర్ల ఇనుప గొట్టం అది. దాన్ని ఒడ్డెక్కించడానికి నౌకాదళం, పోర్టు, నగరాభివృద్ధి సంస్థ అన్నీ కలవాల్సి వచ్చింది. మీ పంచాయతీ గదికి ఆ లెక్క సరిపోదు. ఓడ ఉచితంగానే వస్తుందనుకోండి, దాన్ని తెచ్చుకునే ఖర్చు ఎవరిది? తెచ్చాక ప్రతి ఏడాదీ తుప్పు గీకి రంగు వేసే ఖర్చు ఎవరిది? సముద్రానికీ రోడ్డుకూ మధ్య నిలబెట్టిన ఇనుము అది. ఉప్పుగాలి దానికి సెలవు ఇవ్వదు. కురుసుర ఈనాటికీ చూడదగ్గట్టు ఉందంటే అది నీళ్ళలో లేకపోవడం ఒక కారణం. టికెట్టు కొనే నగరం ఎదురుగా ఉండటం ఇంకో కారణం. లోపల గైడ్లుగా మాజీ నావికులను పెట్టడం అన్నిటికంటే పెద్ద కారణమని నా లెక్క. సాధారణంగా ఉద్యోగంలో ఉన్న నౌకలకే దక్కే జెండాల అలంకరణ గౌరవం దానికి ఇప్పటికీ ఉంది. దాని గురించి చెప్పేటప్పుడు మావాళ్ళ గొంతు కొంచెం పెరుగుతుంది, క్షమించాలి.

ఇక విక్రాంత్ సంగతి చూడండి. 1971లో తూర్పు తీరాన మన పరువు నిలిపిన విమాన వాహక నౌక. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా విశాఖ రేవు బయట మునిగింది. అంత పేరున్న విక్రాంత్‌ను 1997లో విశ్రాంతినిచ్చాక ముంబైలో నీళ్ళమీదే ఉంచి మ్యూజియంగా నడిపారు. 2012లో భద్రంగా లేదని మూసేశారు. 2014లో తుక్కుకు అమ్మేశారు. ఇంకో విమాన వాహక నౌక విరాట్‌ను తీసుకుంటామని మన రాష్ట్రమే ఒకప్పుడు ముచ్చట పడింది. చివరికి అదీ 2020లో గుజరాత్‌లో ఓడలను విరగ్గొట్టే అలంగ్ యార్డుకు చేరింది. దేశమంతా దండం పెట్టిన రెండు ఓడలు ముక్కలైపోయాయి. ఎవరినీ ముంచని కురుసుర మాత్రం బీచ్‌లో పల్లీలు తినే పిల్లలకు కనిపిస్తూ ఉంది. చరిత్రలో గొప్పతనానికీ మ్యూజియం నిలబడటానికీ పెద్దగా సంబంధం లేదు మాస్టారూ. నీళ్ళు తగలని నేల, నెలనెలా వచ్చే డబ్బు, తుప్పంటే కోపం వచ్చే నాలుగు చేతులు ఉన్నచోట నిలబడుతుంది.

కురుసురకు ఎదురుగా ఉన్న టీయూ-142 గస్తీ విమానం మాకు దొరికిన ఇంకో అదృష్టం. 2017లో విశ్రాంతినిచ్చాక అది ఆరక్కోణం నుంచి విశాఖకు తనంతట తానే ఎగిరి వచ్చింది. ఆ తరువాత దాన్ని విడగొట్టి బీచ్ రోడ్డుకు మోసుకొచ్చి మళ్ళీ బిగించారు. ఆ డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించారు. అది ఏ పంచాయతీ వల్లా అయ్యే పని కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కురుసురలో చూసేవాళ్ళు టార్పెడో గొట్టాల దగ్గర ఆగుతారు, పెరిస్కోపు దగ్గర ఫొటో దిగుతారు. కాళ్ళకింద ఏముందో ఎవరూ అడగరు. ఆ పలకల కింద బ్యాటరీలు ఉండేవి. ఈ తరగతి పడవలో 448 సెల్లులు, నాలుగు గుంపులుగా. ఒక్కొక్కటీ మనిషి ఎత్తలేనంత బరువు. నా ఉద్యోగం వాటితోనే. అక్కడ నిలబడటానికి చోటుండదు. పొట్టమీద పాక్కుంటూ వెళ్ళి, ఒక్కో సెల్లు మూత తీసి, ఆసిడ్ సాంద్రత చూసి, పక్కనున్నవాడికి గట్టిగా చెప్పాలి, వాడు రాసుకోవాలి. ఛార్జింగ్ అప్పుడు హైడ్రోజన్ వాయువు ఊరుతుంది. గాలిలో అది నాలుగు శాతం దాటితే చిన్న నిప్పురవ్వ చాలు. అందుకని చొక్కా గుండీ దగ్గర్నుంచి జేబులో స్పానర్ దాకా అన్నీ తడుముకుని దిగేవాళ్ళం. డీజిల్ వాసన ఒంటికి ఎంత పట్టేదంటే, సెలవుకు ఇంటికి వెళితే మా అమ్మ నా బట్టలను విడిగా నానబెట్టేది.

ఇది ఏ బోర్డు మీదా రాసి ఉండదు. పనిచేసినవాడు పక్కన నిలబడి చెబితేనే తెలుస్తుంది. ఆ తరగతిలో చివరిదైన వాగ్లీ 2010లో విశ్రాంతి తీసుకుంది. అంటే మా పడవల్లోకి ఆఖరున వచ్చిన కుర్రాళ్ళకు కూడా ఇప్పుడు జుట్టు నెరుస్తోంది. ఇంకో పాతికేళ్ళకు గొట్టం ఉంటుంది, చెప్పేవాడు ఉండడు.

మీ ఊళ్ళో మీకు ఆ పాతికేళ్ళ గడువు కూడా లేదు. కాబట్టి ముహూర్తం పక్కన పెట్టండి. ఇప్పుడు బతికి ఉన్న పెద్ద మేస్త్రీల దగ్గరికి ఫోను పట్టుకుని వెళ్ళండి. కబుర్లు చెప్పమనకండి, పని చేయించండి. బాడిస చేతికిచ్చి, పలక వంపు ఎలా తీస్తారో చేసి చూపించమని, చేస్తుండగా అడుగుతూ వీడియో తీయండి. అడుగు దూలం వేసిన రోజు ఏ పూజ చేసేవారు, పలకల సందుల్లో ఏం దూర్చేవారు, నీళ్ళలోకి దించేటప్పుడు ఎంతమంది పట్టేవారు, పాట ఏమైనా ఉందా, అన్నీ. మీ బడి పిల్లలకు ఇది ప్రాజెక్టుగా ఇచ్చినా జరుగుతుంది. పిల్లలు అడిగితే పెద్దవాళ్ళు ఇంకా బాగా చెబుతారు.

ఆ తరువాత జాబితా. ప్రతి వస్తువుకూ ఒక నంబరు, ఒక ఫొటో, ఎవరి ఇంటిది, ఎవరు వాడారు, దేనికి, ఎప్పుడు తెచ్చారు. తెచ్చిచ్చిన మనిషితో ఇది దానమా, చూపించడానికి ఇచ్చిందా అన్నది కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. ఇది చేయక కొడుకుల కాలంలో గొడవలైన చోట్లు నాకు తెలుసు. ఒక కోస్తా పట్నంలో, పేరు వద్దులెండి, నిలువెత్తు పాత లంగరు ఒకటి చూశాను. దానికి వెండి రంగు పూసి గులాబీ మొక్కల మధ్య నిలబెట్టారు. ఏ ఓడది, ఎవరు తెచ్చారని అడిగితే అక్కడున్న ఏ ఒక్కరికీ తెలియదు. రంగు డబ్బాకు డబ్బు దొరికింది, నోటుపుస్తకానికి దొరకలేదు.

భవనం ఆఖరున చూసుకుందురుగాని.

స్టాక్‌హోంలో గోపాలపురం వాడు

తాతగారి మాటలకు ఈ చలిదేశం నుంచి చిన్న చేర్పు. ఉద్యోగరీత్యా స్వీడన్‌లో ఉంటున్నాను. మన వాళ్ళు ఎవరొచ్చినా వాసా మ్యూజియానికి తీసుకువెళ్ళడం మా ఇంటి ఆచారమైపోయింది.

మీ రెండో పెద్దమనిషి బురదలో ఉన్న పడవ ఇస్తానన్నారు కదా, దాని గురించి చెబుతాను. వాసా యుద్ధనౌక 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే ఈ ఊరి రేవు దాటకుండా మునిగింది. ఇక్కడి బాల్టిక్ నీళ్ళలో ఉప్పు తక్కువ. కొయ్యను తొలిచే పురుగు బతకదు. అందుకే 333 ఏళ్ళ తరువాత, 1961 ఏప్రిల్ 24న పైకి తీసినప్పుడు ఓడ దాదాపు మొత్తంగా వచ్చింది. గమనించండి, నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ క్షేమం. గాలి తగిలాకే కష్టాలు మొదలు. ఆరిపోతే కొయ్య కుంచించుకుపోయి పగులుతుంది. అది జరగకుండా పాలీ ఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి రసాయనాన్ని నీళ్ళలో కలిపి 17 ఏళ్ళపాటు పిచికారీ చేశారు. అన్నాళ్ళూ దానికి అల్యూమినియం రేకుల తాత్కాలిక షెడ్డే ఇల్లు. జనం ఆ తేమలోనే వచ్చి చూసేవారు. ఇప్పుడున్న భవనం 1990 జూన్‌లో తెరిచారు. అంటే ఓడ దొరికాక మ్యూజియం భవనానికి 29 ఏళ్ళు.

అంతటితో అయిందా అంటే లేదు. 2000 వేసవిలో వానలు ఎక్కువ. తడి కోట్లతో వచ్చిన జనంతో లోపల తేమ పెరిగి, కొయ్య మీద ఆమ్లపు మరకలు తేలాయి. గాలిని అదుపులో ఉంచే యంత్రాలన్నీ మార్చారు. 1961 తరువాత బిగించిన ఇనుప బోల్టులు తుప్పు పట్టి కొయ్యను పాడుచేస్తున్నాయని 2011 నుంచి 2018 దాకా 5,000కు పైగా బోల్టులను స్టెయిన్‌లెస్ స్టీలువి వేసి మార్చారు. ఇంత డబ్బున్న దేశానికే ఇన్ని తిప్పలు.

కనుక మాస్టారూ, ఆ పడవను ఆవేశపడి బయటకు లాగకండి. గోదావరి పాయల్లో ఉప్పునీరు ఎక్కుతుంది, పురుగు ఉంటుంది, అది నిజమే. కానీ లాగి ఎండలో పెడితే ఒక్క వేసవికే పలకలు నోళ్ళు తెరుస్తాయి. ముందు ఉన్నచోటే కొలతలు తీసి బొమ్మ గీయించండి.

కాకినాడ కుర్రాడు

అందరూ పెద్దవాళ్ళు, తప్పుగా అనుకోవద్దు. ఇంత కష్టం ఎందుకు? అన్నీ ఫొటోలు తీసి ఒక వెబ్‌సైటులో పెడితే సరిపోదా? తాళ్ళరేవు దాకా వచ్చి ఉలి చూసేది ఎవరు? చూడాలనుకుంటే కోరంగి మడ అడవులకు వచ్చేవాళ్ళు బోటు ఎక్కి వెళ్ళిపోతారు. మన దగ్గర ఇలాంటివి మొదటి ఏడాది కళకళలాడతాయి, మూడో ఏడాదికి తాళం పడుతుంది.

గోదారి మాస్టారు

తాతగారికీ స్టాక్‌హోం సోదరునికీ ధన్యవాదాలు. కాకినాడ తమ్ముడూ, నువ్వు చెప్పిన మూడో ఏడాది భయం నాకూ ఉంది. అందుకే ఇక్కడ అడిగింది.

నిన్న ఒక మేస్త్రీ గారి దగ్గరికి ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలతో వెళ్ళాను. మొదట ఏమీ చెప్పలేదు, ‘అదేముంది బాబూ, కొట్టుకుంటూ పోవడమే’ అన్నారు. బాడిస చేతికిచ్చాక మాట మొదలైంది. మా తాతగారిదే ఆ బాడిస. దాని పిడి చూసి, ‘ఇది ఎడమచేతివాటం మనిషిది’ అన్నారు. మా తాతగారు ఎడమచేతివాటమని మా ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో మూడు సందేహాలు. సంఘంగా రిజిస్టరు చేయించాలా? పాత వస్తువులు పెట్టుకుంటే పురావస్తు శాఖవాళ్ళు ఏమైనా అంటారా? పద్దు పుస్తకం అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. దాన్ని ఎలా కాపాడాలి? పట్నంలో లామినేషన్ చేయిస్తే గట్టిగా ఉంటుందని ఒకరు అన్నారు.

డీజిల్ తాత (విశాఖపట్నం)

చూశారా, పిడి చూసి మనిషిని చెప్పాడు! కాకినాడ బాబూ, నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఫొటోలో ఆ పిడి అరిగిన వైపు కనిపించినా, పట్టుకుంటే గానీ చెప్పలేం. వెబ్‌సైటు కూడా పెట్టండి, నేను కాదనను. కానీ వస్తువును చెత్తలో వేసి ఫొటో దాచుకునే పని మాత్రం చేయకండి. మూడో ఏడాది తాళం సంగతి నువ్వన్నది అక్షరాలా నిజం. అందుకే రోజూ తెరవాలని పంతం పట్టవద్దు. బడి ఉన్న రోజుల్లో పిల్లలకు, నెలకొక ఆదివారం ఊరికి తెరిచినా చాలు. తెరుస్తామన్న రోజు తెరవాలి, అంతే. మడ అడవులకు వచ్చే బోటు జనం వీలుంటే ఆగుతారు. వాళ్ళను నమ్ముకుని లెక్కలు వేయకండి.

సంఘం తప్పకుండా రిజిస్టరు చేయించండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురిలో మేస్త్రీల ఇళ్ళవాళ్ళు, పడవల యజమానులు, ఒక బ్యాంకు లెక్కలు తెలిసిన మనిషి ఉండేట్టు చూడండి. రాజకీయంగా ఒక వైపు వాళ్ళనే పెట్టారో, ప్రభుత్వం మారినప్పుడల్లా మీ గది తాళం చెవి కూడా మారుతుంది. సంఘం ఉంటేనే పంచాయతీతో గదికి రాతపూర్వక ఒప్పందం కుదురుతుంది. రేపు కేంద్ర సంస్కృతి శాఖ మ్యూజియం గ్రాంటుకు దరఖాస్తు పెట్టాలన్నా సంఘమే పెట్టాలి.

పురావస్తువుల సంగతి. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువులు ఆ లెక్కలోకి రావచ్చు. రాతప్రతులకైతే 75 ఏళ్ళు. భయపడేది ఏమీ లేదు. మీ జాబితా ఒక ప్రతి పట్టుకుని పురావస్తు శాఖ అధికారిని ముందే కలవండి. ఎవరైనా పాత నాణేలు, విగ్రహాలు తెచ్చి ఇస్తామంటే మాత్రం, ఆ శాఖకు తెలియకుండా పుచ్చుకోవద్దు. శాతవాహన యజ్ఞశ్రీ నాణెం మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంటుంది. మీకు అది గోడమీద పెద్ద ఫొటోగా ఉంటే చాలు. అలాగే మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయ శాసనం. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరకును పాత రాజులు లాక్కునేవారు, నేను సుంకం తప్ప ఏమీ తీసుకోనని ఆ రాజు రాయించాడు. 1244 నాటి ఆ మాట మీ ఉప్పెనల గోడ పక్కన ఉంటే పిల్లలు తప్పకుండా ఆగి చదువుతారు. గోడలకు అంతకంటే ఎక్కువ పనిపెట్టకండి. మొదటి గది మీ ఊరి వడ్రంగులదే కావాలి.

పడవ విషయంలో స్టాక్‌హోం బాబు చెప్పింది నాకు నచ్చింది. మొత్తం పడవ వద్దు. కొలతలు తీశాక, యజమాని ఒప్పుకుంటే చుక్కాని, ముందు కొమ్ము దగ్గరి భాగం తెచ్చుకోండి, నీడలో నెమ్మదిగా ఆరనివ్వండి. ఆ కొలతలతో మీ మేస్త్రీ గారి చేత పదో వంతు నమూనా కట్టించండి. కూలీ ఇచ్చి కట్టించండి, గౌరవం పేరు చెప్పి ఉచితంగా చేయించుకోవద్దు. కడుతున్నంతకాలం పిల్లలు పక్కన ఉండాలి. ఏ చెక్కకు ఏ పేరో ఆయన నోటితో చెప్పినట్టే రాసుకోవాలి. పుస్తకాల్లో మాటలు తెచ్చి దిద్దవద్దు.

ఇనుప పనిముట్లకు తుప్పు ఉంటే మెత్తటి బ్రష్‌తో దులిపి, పలచగా నూనె రాసి, చేతులకు బట్ట తొడుగులు వేసుకుని పట్టుకోండి. ఇసుక కాగితంతో తళతళలాడించారో, మీ బాడిస అరుగుదల అంతా పోతుంది. పిడికి వార్నిష్ పూయవద్దు.

పద్దు పుస్తకానికి లామినేషన్ మాత్రం వద్దే వద్దు. ఆ ప్లాస్టిక్, వేడి, జిగురు కలిసి కాగితాన్ని లోపలే తినేస్తాయి, మళ్ళీ ఊడదీయలేరు. సెల్లోటేపు కూడా అంటించకండి. ముందు పేజీలన్నిటినీ పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, వరుస తప్పకుండా ఫొటో తీయండి. ఖాళీ పేజీలు కూడా. రెండు వేరువేరు ఇళ్ళలో ప్రతులు ఉంచండి. పుస్తకాన్ని ఆమ్లం లేని కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టి, అటక మీద నుంచి దించి, గోడకు తగలకుండా పొడి బీరువాలో పెట్టండి. వానాకాలంలో నెలకోసారి తెరిచి బూజు చూడండి. పెన్సిలు రాత కాబట్టి తడి బట్ట తగలనివ్వవద్దు, రబ్బరు దగ్గరికి రానివ్వవద్దు. ఫొటోలు అయ్యాక, ఏ ఓడ ఎవరిదో ఉన్న పేజీలు వీలైతే ఇక్కడ పెట్టండి. ఆ యజమానుల మనవళ్ళు ఈ చర్చ చదివేవాళ్ళలో ఉండకపోరు.